తిన్నావా అంటే అబద్ధం చెప్పకుండా: పళ్ళతో ఓట్స్ రొట్టె

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలకు ఇది అక్షర రూపం. వినడానికి వీలుపడని వాళ్ళ కోసం, కొలతలు మళ్ళీ చూసుకోవాలనుకునే వాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నాం. కావలసినవన్నీ మధ్యలో ఒకచోట ఉన్నాయి.)

డ్యూటీకి పోతూ వింటున్న వాళ్ళకి, డ్యూటీ దిగొచ్చి బూట్లు విప్పుకుంటూ వింటున్న వాళ్ళకి, అందరికీ నమస్కారం.

ముందుగా ఒక మాట అడుగుతాను, ఎవరికి వాళ్ళే మనసులో జవాబు చెప్పుకోండి. ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. అమ్మో, నాన్నో, ఇంటావిడో, పిల్లలో, ఎవరైనా సరే, మొదటి మాట ఏంటి? "తిన్నావా?" మనం ఏమంటాం? "ఆ, తిన్నా." అందులో ఎన్నిసార్లు నిజం ఉంటుంది?

నా సంగతి నేను చెప్తాను. దాదాపు ఏడాదిన్నర పాటు నేను రోజూ పొద్దున్నే మా నాన్నకి ఆ అబద్ధం చెప్పాను. ఈ రోజు చెప్పబోయే వంట ఆ అబద్ధం మానడానికి నేర్చుకున్నది.

నేనుండేది ఇంగ్లండ్‌లో, బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంట. యుద్ధం అయ్యాక లండన్‌లో ఇళ్ళు చాలక 1949లో కొత్త పట్నంగా కట్టడానికి ఎంచుకున్న ఊరిది. ఎటు వెళ్ళినా రౌండబౌట్లే. నా పని ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళని చూసుకోవడం, కేరర్ పని. గ్రేట్ హాలండ్స్, హాన్‌వర్త్, బర్చ్ హిల్ పేటల్లో తిరుగుతాను. కొత్తలో ఆ పేటల్లో ఇల్లు వెతుక్కోవడమే ఒక పరీక్ష. చాలా వీధులకి పేరు వెనక రోడ్డనో స్ట్రీట్ అనో ఉండదు, ఒట్టి పేరే ఉంటుంది. అది వీధి పేరో ఇంటి పేరో తెలియక చీకట్లో టార్చి వేసుకుని తిరిగిన రోజులున్నాయి.

పొద్దున ఏడింటికి మొదటి ఇల్లు. ఆరున్నరకి బయలుదేరాలి. మేం ముగ్గురం కలిసుండే ఇంట్లో ఆ టైముకి వంటగదిలో పొయ్యి వెలిగించి ఉప్మా కలుపుతూ కూర్చోవడం కుదరదు. టీ తాగి, రెండు బిస్కెట్లు తిని పరుగు. పదకొండింటికి నాలుగో ఇల్లు అయ్యేసరికి చేతులు వణుకుతుండేవి. కారులో కూర్చుని రెండు డోనట్లు తినేసేదాన్ని. అదీ నా టిఫిను. ఈలోగా నాన్న ఫోను. "తిన్నావా అమ్మా?" "తిన్నాను నాన్నా, ఇడ్లీ."

ఇడ్లీ అని కూడా చెప్పేదాన్ని, చూశారా. అబద్ధానికి చట్నీ కూడా వేసేదాన్ని.

మాది తణుకు దగ్గర పల్లె. మా నాన్నకి 46 ఏళ్ళకే షుగర్ వచ్చింది. నేనిక్కడికి వచ్చిన రెండో ఏడు చలికాలంలో ఆయన కాలికి పుండు పడింది, మానలేదు. వేలు తీసెయ్యాల్సి వచ్చింది. నేను వెళ్ళలేకపోయాను. కట్టు కట్టిన ఆ కాలిని వీడియోలో చూశాను. మా ఆయనే దగ్గరుండి చూసుకున్నారు. ఆ రోజు కూడా నాన్న అడిగిన మొదటి మాట అదే: "తిన్నావా?"

ఆ వారమే, మూడు నెలలుగా బల్ల మీద పడున్న ఒక ఉత్తరం విప్పాను. ఇంగ్లండ్‌లో 40 నుంచి 74 ఏళ్ళ మధ్య ఉండి, అంతకుముందే షుగర్, గుండె జబ్బు లాంటివి లేనివాళ్ళకి ఐదేళ్ళకోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఎన్‌హెచ్‌ఎస్ హెల్త్ చెక్ అంటారు. మీకూ అలాంటి ఉత్తరం వచ్చి, ఏదో బిల్లు అనుకుని పక్కన పడేసుంటే, ఇవాళే తీయండి.

నాకు హెచ్‌బీఏ1సీ అని రక్త పరీక్ష చేశారు. గడిచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష అది. ఇక్కడి లెక్కలో 48 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్. 42 నుంచి 47 దాకా షుగర్ గుమ్మం ముందు ఉన్నట్టు. నాకు 44 వచ్చింది. మన దేశంలో దీన్ని శాతాల్లో చెప్తారు కదా, అక్కడి లెక్కలో 48 అంటే 6.5 శాతం. నాది సుమారు 6.2.

అప్పటికి నాకు నలభై నిండి కొన్ని నెలలే. బరువు పెద్దగా లేను. రోజంతా తిరిగే పని. "నాకెందుకొస్తుంది" అనుకున్నాను. నర్సు ఒక మాట చెప్పింది. మన దక్షిణాసియా వాళ్ళకి ఈ జబ్బు తక్కువ వయసులోనే, తక్కువ బరువుకే వస్తుంది. పాతికేళ్ళు దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలి. ఇంట్లో తండ్రికి ఉంటే మరీను.

సరే, తిండి మార్చాలి. ఏం తినాలి? ఎప్పుడు వండాలి? అసలు చిక్కు రెండో ప్రశ్నలోనే ఉంది.

దీనికి దారి చూపించింది నేను చూసుకునే ఒక పెద్దావిడ. పేరు, ఇల్లు చెప్పకూడదు, చెప్పను. స్కాట్లాండ్‌లో పుట్టిన మనిషి. రోజూ పొద్దున్నే ఆవిడకి పోరిడ్జ్ కాచి ఇవ్వడం నా పని. ఓట్స్, నీళ్ళు, చిటికెడు ఉప్పు, అంతే. పంచదార వెయ్యబోతే మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఒకరోజు గిన్నె అందిస్తుంటే నా చేతుల వైపు చూసి, "నువ్వేం తిన్నావు?" అని అడిగింది. అలవాటుగా "తిన్నాను" అన్నాను. ఆవిడ నమ్మలేదు. చెంచా పక్కన పెట్టి, నేను నిజం చెప్పేదాకా ముట్టుకోనంది.

అప్పుడు చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ కాలంలో పోరిడ్జ్ ఒకేసారి చాలా కాచి, మిగిలింది చెక్క సొరుగులో పోసేవాళ్ళట. గట్టిపడ్డాక ముక్కలు కోసుకుని పొలానికి పట్టుకెళ్ళేవాళ్ళట. "పనికి పోయేవాళ్ళు పొద్దున్నే వండుకోరు, కోసుకుంటారు" అంది.

ఆ మాట నాకు బాగా పట్టుకుంది. మన చద్దన్నమూ అంతే కదా. రాత్రి వండింది, పొద్దున కుండలోంచి తీసుకుని తిని పొలానికి పోవడం. వండుకోవడానికి టైము లేదన్నది నిజమే, కానీ ఆ వంట పొద్దున్నే చెయ్యాలని ఎవరన్నారు?

నా దగ్గర సొరుగు ఖాళీ లేదు, ఓవెన్ ఉంది. ఓట్స్‌ని పాలు, గుడ్డు, పళ్ళతో కలిపి ఓవెన్‌లో కాల్చి ముక్కలు కోసుకునే పద్ధతి ఒకటుందని తెలిసింది. బేక్డ్ ఓట్‌మీల్ అంటారు. చూడగానే నాకు మా అమ్మమ్మ దిబ్బరొట్టె గుర్తొచ్చింది. మందపాటి ముకుడులో పిండి పోసి, మూత పెట్టి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. అది ఓవెన్ కాక ఇంకేమిటి? అందుకే మా ఇంట్లో దీని పేరు ఓట్స్ రొట్టె.

మొదటిసారి చేసినప్పుడు పాడైంది, అది కూడా చెప్తాను. సూపర్ మార్కెట్లో ఓట్స్ నాలుగు రకాలుంటాయి. గింజని రెండు మూడు ముక్కలుగా నరికిన నూక ఒకటి, స్టీల్ కట్ లేదా పిన్‌హెడ్ అని రాసి ఉంటుంది. రెండోది గింజని ఆవిరి పట్టి మన అటుకుల్లా నొక్కింది, రోల్డ్ లేదా జంబో ఓట్స్. మూడోది అవే అటుకులు కాస్త చిన్నవి, పోరిడ్జ్ ఓట్స్. నాలుగోది వేడినీళ్ళు పోస్తే చాలు అనే ఇన్‌స్టంట్ పాకెట్లు. నేను తెలియక నూక తెచ్చాను. నలభై నిమిషాలు కాల్చినా పాలల్లో గులకరాళ్ళు తేలినట్టే ఉంది. మీరు రెండో రకమో మూడో రకమో తీసుకోండి. ఇన్‌స్టంట్ వద్దు. అవి బాగా మెత్తగా చేసినవి, తొందరగా అరుగుతాయి, చక్కెర తొందరగా పైకి లేస్తుంది. పైగా చాలా పాకెట్లలో పంచదార ముందే కలిపి ఉంటుంది. ఖరీదైనవి కూడా అక్కర్లేదు. కాఫీ కొట్లో ఒక పెద్ద కాఫీకి పెట్టే డబ్బుతో షాపు సొంత బ్రాండు ఓట్స్ కిలో పాకెట్ వచ్చి ఇంకా చిల్లర మిగులుతుంది.

ఇప్పుడు కొలతలు, రాసుకోండి. ఆరు ముక్కలకి:

రోల్డ్ లేదా పోరిడ్జ్ ఓట్స్: 200 గ్రాములు
పాలు: 450 మిల్లీలీటర్లు
బాగా పండిన అరటిపళ్ళు: 2
గుడ్డు: 1
ఆపిల్: 1, తొక్కతోనే చిన్న ముక్కలు
బ్లాక్‌బెర్రీలు లేదా ఏవైనా బెర్రీలు: 150 గ్రాములు
వాల్‌నట్స్ లేదా బాదం పలుకులు: గుప్పెడు
బేకింగ్ పౌడర్: ఒక టీ స్పూను (వంట సోడా కాదు)
దాల్చిన చెక్క పొడి: ఒక టీ స్పూను
యాలకులు: నాలుగు, దంచినవి
ఉప్పు: పావు టీ స్పూను
ట్రేకి రాయడానికి నెయ్యి: ఒక స్పూను

పంచదార లేదు, బెల్లం లేదు, తేనె కూడా లేదు. మర్చిపోలేదు, కావాలనే వెయ్యలేదు. తేనె ఆరోగ్యమని పోసేస్తాం గానీ, రక్తం దగ్గరికి వచ్చేసరికి తేనె కూడా చక్కెరే. అరటిపండు ఎంత మగ్గితే అంత తీపి. తొక్క మీద నల్ల మచ్చలు పడ్డవే తీసుకోండి.

చేసే పద్ధతి. ఓవెన్ 180 డిగ్రీలకి పెట్టండి. ఫ్యాన్ ఓవెన్ అయితే 160 చాలు. సుమారు 20 సెంటీమీటర్ల చదరపు ట్రేకి నెయ్యి రాయండి. పెద్ద గిన్నెలో అరటిపళ్ళు చేత్తోనే మెదిపి, గుడ్డు కొట్టి వేసి, పాలు పోసి గిలకొట్టండి. ఓట్స్, బేకింగ్ పౌడర్, ఉప్పు, దాల్చిన చెక్క, యాలకులు వేసి కలపండి. దోసె పిండి కంటే పల్చగా ఉంటుంది. భయపడి ఇంకొంచెం ఓట్స్ వెయ్యకండి, అవి నాని పీల్చుకుంటాయి. పది నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత ఆపిల్ ముక్కలు, సగం బెర్రీలు కలిపి ట్రేలో పోసి, మిగతా బెర్రీలు, పలుకులు పైన చల్లండి. ఫ్రీజర్ బెర్రీలైతే కరిగించకుండా గడ్డల్లాగే వెయ్యండి. కరిగిస్తే నీరు దిగి రొట్టె అంతా ఊదారంగు ముద్దవుతుంది.

నలభై నిమిషాలు కాల్చండి. ట్రే కదిపితే మధ్యలో తొణకకూడదు, అంచులు ఎర్రబడాలి. తొణికితే ఇంకో ఐదు నిమిషాలు. బయటికి తీశాక కనీసం పది నిమిషాలు ముట్టుకోకండి. వేడి మీద కోస్తే విడిపోతుంది. పూర్తిగా చల్లారాక ఆరు ముక్కలు చేసి, మూడు ఫ్రిజ్‌లో, మూడు ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లోవి మూడు రోజుల్లో తినెయ్యాలి. ఫ్రీజర్‌లోది ముందు రాత్రి కిందికి దించుకుంటే పొద్దున్నకి సిద్ధం. చల్లగా తిన్నా బాగుంటుంది. మైక్రోవేవ్‌లో ఒక నిమిషం పెట్టి రెండు చెంచాల పెరుగు వేసుకుంటే ఇంకా బాగుంటుంది. నేను డబ్బాలో పెట్టుకుని, మొదటి ఇంటి ముందు కారు ఆపాక తింటాను. ఐదు నిమిషాలు చాలు.

గుడ్డు తినని వాళ్ళు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వెయ్యండి, జిగురొచ్చి పట్టి ఉంచుతుంది. నట్స్ పడని వాళ్ళు ఇంట్లో ఉంటే మానెయ్యండి, గుమ్మడి గింజలు వేసుకోండి.

బెర్రీల సంగతి ఒక మాట. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బ్రాక్‌నెల్‌లో నడకదారుల పక్క కంచెల నిండా బ్లాక్‌బెర్రీలు కాస్తాయి. చిన్నప్పుడు రేగిపళ్ళు ఏరుకున్నట్టు ఏరుకోవడమే. కొత్తలో ఎవరైనా తిడతారేమో అని భయపడ్డాను. ఇంగ్లండ్‌లో దానంతట అదే కాసిన అడవి పండుని, అమ్ముకోవడానికి కాకుండా తినడానికి కోసుకుంటే దొంగతనం కాదని 1968 నాటి దొంగతనాల చట్టంలోనే ఉంది. ఎవరి తోటలోకీ దూరకుండా, దారి పక్కనున్నవి కోసుకోండి. మోకాలి కంటే కిందవి వద్దు, కుక్కల్ని తిప్పే దారులవి. సెప్టెంబరు 29 దాటాక కోయకూడదని ఇక్కడ పాత నమ్మకం, ఆ రాత్రి సైతాను వాటి మీద ఉమ్మేస్తాడట! మా పెద్దావిడ గట్టిగా నమ్ముతుంది. సైతాను సంగతేమో గానీ, అప్పటికి పళ్ళు నీరుకారి బూజు పడతాయి. కడిగి, ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే చలికాలమంతా వస్తాయి.

ఇక ఓట్స్ నిజంగా ఏం చేస్తాయి? అందులో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది, ఓట్స్ బరువులో నూటికి సుమారు నాలుగు పాళ్ళు. నీళ్ళలో కలిసి బెండకాయ జిగురులా అవుతుంది. కడుపులో ఆ జిగురు ఉన్నప్పుడు చక్కెర రక్తంలోకి నెమ్మదిగా పోతుంది, ఆకలి తొందరగా వెయ్యదు. రోజుకి మూడు గ్రాముల బీటా గ్లూకాన్ తింటే కొలెస్టరాల్ అదుపులో ఉండడానికి సాయపడుతుందని ఇక్కడ పాకెట్ల మీద రాసుకోవడానికి ప్రభుత్వ అనుమతి కూడా ఉంది. కానీ లెక్క చూడండి. మన ఒక్క ముక్కలో 33 గ్రాముల ఓట్స్, అంటే బీటా గ్లూకాన్ గ్రామున్నర కూడా ఉండదు. కాబట్టి ఒక ముక్క తిని మధ్యాహ్నం రెండు పళ్ళేల బిర్యానీ తింటే ఓట్స్ ఏం చెయ్యలేవు. బార్లీలోనూ ఈ పీచే ఉంటుంది. మన రాగి జావ, జొన్న రొట్టె కూడా మంచి తిండే. అవి దొరికి, వండుకునే టైముంటే అవే తినండి. ఓట్స్ మనకంటే గొప్పవని నేను చెప్పడం లేదు. నేనుండే చోట చవగ్గా దొరుకుతాయి, ఆదివారం వండితే శుక్రవారం దాకా వస్తాయి. నాకు కావలసింది అదే.

ఈ ఓట్స్‌ని ఇంగ్లండ్ వాళ్ళే ఒకప్పుడు చిన్నచూపు చూశారు. శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు 1755లో అచ్చు వేసిన నిఘంటువులో, ఇంగ్లండ్‌లో గుర్రాలకి పెట్టే గింజ, స్కాట్లాండ్‌లో మనుషుల్ని పోషిస్తుంది అన్న అర్థం వచ్చేలా రాశాడు. ఇది పెద్దావిడే చెప్పి కోపం తెచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. ఉలవలు ఎడ్లకి ఉడకబెట్టి పెట్టి, ఆ నీళ్ళతో చారు కాచుకుని మీగడ వేసుకు తినే వాళ్ళం మనం! పశువు తిన్నదాంట్లో బలం ఉందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో ఉండే నిజామాబాద్ తమ్ముడు గోడౌన్‌లో రాత్రి డ్యూటీ చేస్తాడు. మొదటిసారి చూసి, "అక్కా, గిది ఉప్మానా, కేకా?" అన్నాడు. ఇప్పుడు ఆరింట్లో రెండు ముక్కలు వాడివే. అందుకని ఆదివారం రెండు ట్రేలు.

ఓవెన్ లేని వాళ్ళ సంగతి. కువైట్‌లో ఇంటిపని చేసే మా పిన్ని ఇదంతా విని, "ఏమే, నాకు ఓవెన్ ఎక్కడిదే? నా గదిలో ఉన్నది ఒక్క చిన్న పొయ్యి" అంది. నిజమే. అందుకని ఇక్కడ పొయ్యి మీద చేసి చూసి చెప్తున్నాను. పైన చెప్పినవన్నీ సగం తీసుకోండి, గుడ్డు మాత్రం ఒకటి పూర్తిగా వెయ్యండి, పాలు ఇంకా తగ్గించి 150 మిల్లీలీటర్లే పొయ్యండి. ఇరవై నిమిషాలు నాననివ్వండి. మందపాటి ముకుడుకి నెయ్యి బాగా రాసి, రెండు అంగుళాల మందం మించకుండా పోసి, మూత పెట్టి, బాగా సన్నని సెగ మీద ఇరవై ఐదు నిమిషాలు. అడుగు పల్చటి గిన్నె అయితే కింద పెనం పెట్టండి, పండులో తీపి ఉంది కదా, తొందరగా మాడుతుంది. తిరగెయ్యక్కర్లేదు. బెర్రీలు లేకపోతే ఖర్జూరం రెండు, ఆపిల్ ఒకటి చాలు. పిన్ని చేసింది, అడుగున ఎర్రగా వచ్చిందట, దిబ్బరొట్టె వాసనే వచ్చిందట.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతున్న వాళ్ళు తిండి ఒక్కసారిగా మార్చేముందు డాక్టర్ని అడగండి. ఓట్స్‌లో పిండి పదార్థం ఉంది, పళ్ళలో చక్కెర ఉంది. ఒక్క పూటకి ఒక్క ముక్క, రెండు కాదు.

ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే నాకు 41 వచ్చింది. ఇది ఓట్స్ ఒక్కటే చేసిన పని అని చెప్తే మళ్ళీ అబద్ధమే అవుతుంది. టీలో పంచదార మానేశాను, డోనట్లు మానేశాను, రాత్రి అన్నం సగం చేశాను, సెలవు రోజు స్విన్లీ అడవిలో గంట నడుస్తున్నాను. ఎన్‌హెచ్‌ఎస్ వాళ్ళు షుగర్ రాకుండా నేర్పే తరగతులు ఉచితంగా పెడతారు, అందులో చేరాను. కానీ వీటన్నిటికీ మొదలు మాత్రం పొద్దున్న ముక్కే. పొద్దున కడుపు నిండితే పదకొండింటికి డోనట్ మీదికి మనసు పోదు.

మనమంతా ఎవరో ఒకరికి పెట్టడానికే దేశం దాటి వచ్చాం. నేను పొద్దున్నే నాలుగు ఇళ్ళలో నలుగురికి టిఫిను పెడతాను, నెలాఖరుకి డబ్బు పంపి ఇంట్లో అందరికీ పెడతాను. ఆ లెక్కలో నా పళ్ళెం ఒకటి మర్చిపోయాను. అంతే జరిగింది.

ఇవాళ పొద్దున్న కూడా నాన్న ఫోన్ చేశారు. ఇప్పుడు చెప్పులేసుకుని ఇంటి చుట్టూ నడుస్తున్నారు. "తిన్నావా అమ్మా?" అన్నారు. ఫోను డబ్బా వైపు తిప్పి చూపించాను. "అదేంటి, దిబ్బరొట్టె నల్లగా ఉంది?" అన్నారు. అవి పళ్ళు నాన్నా అని చెప్పాను. "మరి మీరు తిన్నారా?" అని అడిగితే ఒక్క క్షణం ఆగి, "ఆ, తిన్నా" అన్నారు.

ఆ ఆగడం నాకు తెలుసు. అందుకని అమ్మకి ఫోన్ ఇమ్మన్నాను.

ఉంటానండీ. ఈ ఆదివారం ఒక ట్రే చేసి చూడండి, మీ దగ్గర ఏ పండు దొరికితే అది వేసి. ఎలా వచ్చిందో, పాడైతే ఎక్కడ పాడైందో చెప్పండి, వచ్చేసారి మాట్లాడుకుందాం. వేళకి తినండి. నమస్కారం.